లేఖరి ఇచ్చిన మాట

సముద్రం ఒడ్డున రాజు లేని పట్టణం ఒకటి ఉండేది. పాలించే సభను జనమే ఎన్నుకునేవారు. ఆ సభ గీత దాటితే ఆపడానికి తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఉండేవారు. నేరం రుజువు కాకుండా ఎవరినీ ఇల్లు కదిలించరాదన్నది వాళ్ళ చట్టంలో మొదటి మాట. పరాయి దేశం నుంచి ఎవరైనా వస్తే ముందు ఆ మాట చదివి వినిపించి, ఆ తరవాతే మంచినీళ్ళిచ్చేవారు. ఆ మాటంటే వాళ్ళకంత గర్వం.

ఆ పట్టణంలో పదేళ్ళకోసారి జనాన్ని లెక్కపెట్టేవారు. పిల్లలెంతమందో తెలిస్తేనే కదా ఎన్ని బడులు కట్టాలో తెలిసేది. అందుకోసం సందుసందూ తిరిగి పేర్లు రాసుకునే లేఖరులు ఉండేవారు. వాళ్ళలో ఒకావిడకు అప్పటికి ముప్పై ఏళ్ళు. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. అతను రేవులో ఓడమీద తెరచాపల పని చేసేవాడు. ఆమె ఏ ఇంటికి వెళ్ళినా చెప్పులు విడిచి, గడపమీద కూర్చుని, ముందు వంటింట్లో పొయ్యిమీద ఏముందో అడిగేది. ప్రభుత్వం మనిషంటే బెదిరేవాళ్ళు కూడా ఆమె ముందు నోరు విప్పేవారు.

ఆ ఏడు ఆమెకు తూర్పు దిబ్బల వంతు వచ్చింది. రెండు తరాల కిందట సముద్రం అవతలి ద్వీపాల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ ఉంటున్నారు. గడ్డి కూడా మొలవని ఇసక అది. వాళ్ళు సముద్రపు నాచు మోసుకొచ్చి, చేపల పొలుసు కలిపి, ఆ ఇసకనే మట్టిగా చేశారు. పట్టణమంతా తినే కాబేజీ, పట్టణమంతా పెట్టుకునే చామంతి ఆ దిబ్బలమీదివే. ఆ నేల వాళ్ళ పేరున రాయడానికి మాత్రం చట్టం ఒప్పుకోలేదు. దాని గురించి పట్టణంలో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

చివరి ఇంట్లో ఒక తోటావిడ ఉండేది. భర్త లేడు, ఎదిగిన కొడుకు ఒకడున్నాడు. లేఖరి పేర్లు, వయసులు, వృత్తి రాసుకుంది.

"మీ పెద్దలది ఏ ఊరక్కా?"

తోటావిడ చేతిలో పని ఆపింది. "కలం పట్టుకొచ్చినవాళ్ళకి ఆ సంగతి చెప్పొద్దని మా నాన్న అనేవాడమ్మా."

"ఇది లెక్క కోసమేనక్కా. ఈ పుస్తకం మా బీరువా దాటి రాదు. నేను మాటిస్తున్నాను."

తోటావిడ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తరవాత తన నాయనమ్మ పుట్టిన పల్లె పేరు చెప్పింది. నలభై గడపలున్న చిన్న పల్లె. కొడుక్కి కూడా ఆ పేరు ఎప్పుడూ చెప్పలేదట. లేఖరి రెండుసార్లు పలికించుకుని, పొల్లు పోకుండా రాసుకుంది. వెళ్ళేటప్పుడు తోటావిడ ఆమె చేతిలో ఒక కాబేజీ పెట్టింది.

ఆ శీతాకాలంలో ఒక సెలవునాడు, జనం ఇంకా పళ్ళు తోముకుంటున్న వేళ, మంచులోంచి ద్వీపాల ఓడలు వచ్చాయి. యుద్ధమని ఎవరూ చెప్పలేదు. కబురు లేదు, హెచ్చరిక లేదు. రెండు గంటల్లో రేవులో లంగరేసిన ఓడలన్నీ తగలబడ్డాయి. నూనె నీటిమీద పరుచుకుని నీళ్ళే మండాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మంచులోకి వెళ్ళిపోయారు.

లేఖరి మూడు రోజులు రేవులో నిలబడింది. ఒడ్డుకు చేర్చిన ప్రతి శవం ముఖం మీది గుడ్డ ఎత్తి చూసింది. నాలుగోరోజు రేవు మేస్త్రీ ఆమె దగ్గరికొచ్చి, "ఇంక రావొద్దు తల్లీ, ఇంక ఎవరూ దొరకరు," అన్నాడు. ఆమె ఇంటికొచ్చి తమ్ముడి కంచం కడిగి బోర్లించింది.

ఆ ఉదయంతో పట్టణం మారిపోయింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. ఉత్తరాలు విప్పి చదివాకే ఇళ్ళకు పంపారు. అంగళ్ళలో గొంతులు తగ్గాయి. మరోపక్క, అంతవరకూ మూసున్న తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. మగవాళ్ళు యుద్ధానికి పోవడంతో ఆడవాళ్ళు ఓడలు కట్టే చోట సుత్తి పట్టారు. దక్షిణపు చిత్తడినేలల కూలీలను అంతకుముందు ఆ గేటు తొక్కనిచ్చేవారు కాదు, ఇప్పుడు వాళ్ళనే పిలిచి పనిముట్లు చేతికిచ్చారు. లెక్కల కచేరీ పెద్ద కూడా సైన్యంలో చేరాడు. ఆ కుర్చీలో లేఖరిని కూర్చోబెట్టారు. ఆడమనిషి అందులో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి ఆ మాట చెప్పుకోవడానికి మాత్రం ఆమెకెవరూ లేరు.

దిబ్బల వాళ్ళ దగ్గర కూరలు కొనడం జనం మానేశారు. వాళ్ళ కాబేజీ మళ్ళు రేవువైపు బాణంలా ఉన్నాయనీ, శత్రువుకు దారి చూపడానికే అలా నాటారనీ ఎవరో అన్నారు. వారం తిరక్కుండా అది అందరికీ తెలిసిన నిజమైపోయింది.

"పల్లం అటే ఉంది కదండీ," అంది తోటావిడ, వాకిట్లోకొచ్చి అరిచినవాళ్ళతో. "నీళ్ళు పల్లానికే కదా పారాలి."

ఆ మాట విన్నవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం భద్రతాధికారి లెక్కల కచేరీకి వచ్చాడు. మర్యాదస్తుడు.

"దిబ్బల మీద ఇళ్ళు, పేర్లు, వాళ్ళ పెద్దల ఊళ్ళు కావాలమ్మా."

"ఆ పుస్తకం లెక్కకేనని మాటిచ్చానండి."

"ఎవరికి?"

"వాళ్ళకే."

అధికారి విసుక్కోలేదు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "మీ తమ్ముడు ఏ ఓడలో ఉండేవాడమ్మా?"

లేఖరి లేచి, నడుముకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచింది. చాలా ఏళ్ళ తరవాత ఎవరైనా అడిగితే ఆమె ఒకటే చెప్పేది: "ఆయన బలవంతం చెయ్యలేదు. తాళం నేనే తీశాను."

దిబ్బల మీద కాగితాలు అంటించారు. ఆరు రోజుల గడువు. చేతులు మోసినంత సామానే తీసుకెళ్ళాలి. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, నిండు చూలాళ్ళు అందరూ రావాలి. ఏడోరోజు ఉదయం బళ్ళు వచ్చాయి. చామంతులు విచ్చే రోజులవి. కొయ్యకుండా వదిలేసిన మళ్ళు పచ్చగా ఊగుతున్నాయి.

లేఖరి కూడా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. శత్రువుల ముఖాలు చూద్దామనుకుందేమో. అక్కడ గొంతు పెద్దదైన సైనికుడొకడు పుస్తకం పట్టుకుని ఆమె రాసిన గుండ్రటి అక్షరాలను గట్టిగా చదువుతున్నాడు. పేరు, వయసు, వృత్తి. ఒక్కో ఇంటివాళ్ళూ వచ్చి బండెక్కుతున్నారు. చివరికి తోటావిడ పేరు వచ్చింది. దాని వెంటే నాయనమ్మ పల్లె పేరు, పొల్లు పోకుండా.

తోటావిడ మూట దించి నిలబడిపోయింది. పక్కనున్న కొడుకు వింతగా తల్లివైపు చూశాడు. ఆమె జనంలో వెతికి లేఖరిని కనుక్కుంది.

"ఆ పేరు నేను నీకొక్కదానికే చెప్పాను," అంది. గొంతు హెచ్చలేదు. "నీకొక్కదానికే."

బళ్ళు కదిలిపోయాయి. లేఖరి ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉంది. తమ్ముడు పోయినప్పటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. అది తమ్ముడి కోసమో, తన కోసమో, ఆ మళ్ళ కోసమో విడదీసి చెప్పలేకపోయింది.

వాళ్ళను ఉప్పు మేటలకు తీసుకెళ్ళారు. పట్టణానికి రెండు రోజుల ప్రయాణం. చెట్టు లేదు, చెలమ లేదు. గుర్రాలను కట్టిన కొట్టాల్లో వాళ్ళను ఉంచి చుట్టూ ముళ్ళకంచె వేశారు. అక్కడి నుంచి తోటావిడ న్యాయమూర్తులకు ఒక అర్జీ పంపింది. అందులో ఒకటే వాక్యం: మేం చేసిన నేరం పేరు చెప్పండి.

విచారణ రోజున సభ తరఫు వకీలు లేఖరిని సాక్షిగా పిలిపించాడు. పుస్తకం అసలుదేనని ఆమె చెబితే చాలు.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదేనండి."

"ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"నిజమే. నేనిచ్చిన మాట ఒక్కటే అబద్ధమైంది. అది అందులో రాయలేదు."

వకీలు కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. న్యాయమూర్తుల వైపు తిరిగింది.

"అయ్యా, ఈ పుస్తకంలో పేరుంది, వయసుంది, వృత్తి ఉంది, పెద్దల ఊరుంది. నేరం అనే గడి లేదు. నన్నెవరూ గియ్యమనలేదు. రాసినదాన్ని నేను. ఇందులో లేనిదాన్ని మీరెలా చదివారు?"

తొమ్మిదిమందిలో ఆరుగురు సభ పక్షానే తీర్పు చెప్పారు. ఊరు మండుతున్నప్పుడు చట్టం కాసేపు పక్కకు జరిగి నిలబడక తప్పదన్నారు. ముగ్గురు ఒప్పుకోలేదు. వాళ్ళలో వయసు మళ్ళిన ఒకాయన, "పక్కకు జరిగిన చట్టం మళ్ళీ తన చోటికి ఎప్పుడొస్తుందో ఆ ఆరుగురిలో ఒక్కరైనా చెప్పగలరా?" అని అడిగాడు. తోటావిడను మళ్ళీ ఉప్పు మేటలకు తీసుకెళ్ళారు. పోతూ ఆమె లేఖరి వైపు చూడలేదు.

లేఖరి కుర్చీ పోయింది. ఇరుగుపొరుగు మాటలు మానేశారు. సొంత తమ్ముణ్ణి చంపినవాళ్ళ తరఫున మాట్లాడిందని ఆమె వాకిట్లో బూడిద పోశారు. ఆమె ఇల్లు ఊడ్చుకుని, తాళం వేసి, ఉప్పు మేటలకు బయల్దేరింది.

అక్కడ ముసలివాళ్ళకు పట్టణం లిపి రాదు. ఉత్తరం ఆ లిపిలో లేకపోతే కాపలావాళ్ళు చించేసేవారు. లేఖరి ముళ్ళకంచెకు ఇవతల చాప పరుచుకుని, అవతల నిలబడ్డవాళ్ళు చెప్పింది రాసిపెట్టేది. మొదటి నెల ఎవరూ రాలేదు. తరవాత ఒక ముసలాయన వచ్చాడు. తరవాత నలుగురు. ఏడాది తిరిగేసరికి పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆమెకు చెయ్యి ఖాళీ ఉండేది కాదు. తోటావిడ మాత్రం రాలేదు. దూరంగా, కొట్టం నీడలో, ఉప్పు మట్టిని గంపలతో ఎత్తిపోసి, వంటింటి తుక్కు కలిపి, మళ్ళు చేస్తూ కనిపించేది. రెండో ఏడు ఆ మళ్ళలో ముల్లంగి వచ్చింది.

పట్టణానికి సైనికులు చాలలేదు. కంచె లోపలి కుర్రవాళ్ళనే అడిగారు. "మమ్మల్ని నమ్మరు గానీ మా ప్రాణాలు కావాలా?" అని కొందరు తిరగబడ్డారు. కొందరు చేరారు. తోటావిడ కొడుకు చేరాడు. "నేను పుట్టిన ఊరమ్మా అది, వాళ్ళు కాదన్నా సరే," అన్నాడట తల్లితో.

ఎనిమిది నెలల తరవాత సైన్యం మనిషి ఒకడు కంచె దగ్గరికొచ్చాడు. మడిచిన జెండా ఒకటి, పతకం ఒకటి తెచ్చాడు. కంచె తీగెల మధ్య నుంచే వాటిని తోటావిడ చేతుల్లో పెట్టి, నెత్తిమీది టోపీ తీసి నిలబడి, వెళ్ళిపోయాడు. అతను కూడా చిన్నవాడే.

ఆరోజు తోటావిడ కంచె దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇవతల చాపమీద లేఖరి.

"నీ తమ్ముడి పేరేమిటమ్మాయ్?"

అన్నేళ్ళలో లేఖరిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏ ఓడని అడిగారు గానీ పేరు అడగలేదు. ఆమె చెప్పింది. తోటావిడ ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుంది. తరవాత తన కొడుకు పేరు చెప్పింది. "రాసుకో. ఎవరికీ పంపడానికి కాదు. ఊరికే రాసుకో," అంది.

యుద్ధం ముగిసింది. కంచెలు తీసేశారు. తిరిగొచ్చిన వాళ్ళకు దిబ్బలమీద తమ ఇళ్ళల్లో వేరేవాళ్ళు కనిపించారు. మళ్ళీ పైకి, ఇంకా గడ్డి మొలవని ఇసకకు వెళ్ళి, మళ్ళీ నాచు మోయడం మొదలుపెట్టారు. జరిగినదాని గురించి తమ పిల్లలకు కూడా చెప్పలేదు. చేసినవాళ్ళకంటే వాళ్ళే ఎక్కువ సిగ్గుపడ్డారు.

లేఖరి, తోటావిడ మాత్రం ఊరుకోలేదు. ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. ఉప్పు మేటల్లో ఏం జరిగిందో చెప్పమని అడిగారు. మొదట తలుపులు తియ్యలేదు. పిల్లలు ఎదిగి, "ఎందుకు చెప్పలేదు మాకు?" అని తల్లిదండ్రులను నిలదీశాక తలుపులు తెరుచుకున్నాయి. చెబుతున్నవాళ్ళు చాలాసార్లు మధ్యలో ఆగిపోయేవారు. లేఖరి కలం పట్టుకుని ఎదురుచూసేది. ఇలా నలభై ఏళ్ళు. ప్రతి కొత్త సభకూ ఆ కాగితాలు తీసుకెళ్ళేవారు. చాలా సభలు వాటిని ఒకచోట పెట్టి మర్చిపోయాయి. చివరికి ఒక సభ లేచి నిలబడి వాటిని మొదటినుంచి చివరిదాకా చదివింది. మూడు రోజులు పట్టింది. మూడోరోజు సభాపతి, "అప్పుడు మనకు వాళ్ళవల్ల ఆపద లేదు. మన భయాన్నే చట్టం చేశాం. తప్పు చేశాం," అన్నాడు. బయట దిబ్బల వాళ్ళు వింటూ నిలబడ్డారు. కొందరు చేతికర్రలమీద వాలి, కొందరు మనవల భుజాలమీద చెయ్యేసి.

ఇంతటితో కథ అయిపోతే బాగుండేది.

కొన్నేళ్ళకు మరో ఉదయం, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, పట్టణం నడిబొడ్డున అంగడి భవనం కూలింది. కూల్చినవాళ్ళు ఉత్తరపు కొండల అవతల నుంచి వచ్చారు. వేలమంది పోయారు. లేఖరి అప్పటికి బాగా ముసలిది. పొగ వాసన తగలగానే ఆమెకు రేవు గుర్తొచ్చింది. మూడో వారంలో గోడలమీద కాగితాలు వెలిశాయి. పట్టణంలో ఉంటున్న కొండవాళ్ళందరూ సుంకాల చావడి ముందు హాజరై పేర్లు రాయించుకోవాలి. ఉత్త నమోదే, భయపడేదేమీ లేదు, అని కింద రాసి ఉంది.

చెప్పిన రోజు ఉదయం లేఖరి చేతికర్ర పట్టుకుని చావడి దాకా నడిచింది. ఏం చెయ్యాలని వెళుతోందో అప్పుడూ తెలియదు. అక్కడికి చేరేసరికి చావడి ముందు మైదానం అప్పటికే నిండి ఉంది. దిబ్బల వాళ్ళంతా వచ్చేశారు. ముసలీ ముతకా చాపలు పరుచుకుని కూర్చున్నారు. ముందు వరసలో తోటావిడ. తొంభై దాటిన మనిషి.

శాలువాలు అమ్ముకునే కొండాయన ఒకడు ఇద్దరు కూతుళ్ళ చేతులు పట్టుకుని, అడుగు ముందుకు పడక, వాళ్ళను చూస్తున్నాడు.

"పిలిచింది మమ్మల్ని కదమ్మా," అన్నాడు. "మీరెందుకొచ్చారు?"

"మమ్మల్ని తీసుకెళ్ళిన రోజున మా తరఫున ఎవరూ రాలేదు నాయనా," అంది తోటావిడ. "అందుకని వచ్చాం. ఆడపిల్లలు ఎండలో నిలబడ్డారు, ఇలా కూర్చోబెట్టు."

లేఖరిని చూసి ఆమె కొంచెం పక్కకు జరిగింది. చాపమీద ఒక మనిషి పట్టేంత చోటు చేసింది. లేఖరి కర్ర పక్కనబెట్టి, తోటావిడ భుజం ఆసరాగా కూర్చుంది. క్షమించానని ఆ మనిషి ఏనాడూ అనలేదు, ఈమె ఏనాడూ అడగలేదు.

బల్ల వెనక కూర్చున్న అధికారి చిన్న వయసువాడు, ఇస్త్రీ బట్టలు. "మీకు సంబంధం లేదండీ, దయచేసి లేవండి," అని రెండుసార్లు చెప్పాడు. ఎవరూ లేవలేదు. రేవులో ఓడలు కట్టే ఆడవాళ్ళు పనిముట్ల సంచులతోనే వచ్చి వరసలో నిలబడ్డారు. చిత్తడినేలల వాళ్ళు వచ్చారు. బడి పంతులమ్మలు వచ్చారు. అందరూ తమ పేర్లూ రాయమన్నారు. రాయడం మొదలుపెడితే పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అతని కాగితాలు ఒక్కటి తప్ప అన్నీ అయిపోయాయి. ఇంకా తెమ్మని బంట్రోతును పంపాడు. బంట్రోతు తిరిగి రాలేదు. కాగితాల అంగడి మూసి ఉందనీ, అంగడాయన వరస చివర ఉన్నాడనీ, బంట్రోతు ఆయన వెనక నిలబడ్డాడనీ ఎవరో చెప్పారు.

అధికారి మిగిలిన ఒక్క కాగితాన్ని సరిచేసుకుని, తలెత్తకుండానే, "పేరు?" అన్నాడు.

తలెత్తి చూశాడు. బల్లకు అవతల అతని తల్లి నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వెందుకిక్కడ? ఇంటికెళ్ళు."

"వెళ్తాను," అంది ఆమె. వంగి, అతనికి మాత్రమే వినిపించేలా అడిగింది. అయినా ముందు వరసలో ఉన్న లేఖరికి కూడా ఆ మాట వినిపించింది. "మీ నాయనమ్మ నిన్ను ఒళ్ళో వేసుకుని ఏ కొండభాషలో జోల పాడేదో, ఇక్కడ గట్టిగా చెప్పమంటావా?"

అతను తల్లి ముఖంలోకి చూశాడు. తరవాత శాలువాల ఆయన కూతుళ్ళవైపు చూశాడు. వాళ్ళలో చిన్నది తోటావిడ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది.

కలం మూత పెట్టాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తల్లి వెనక నిలబడ్డాడు. అతని వెనక ఉన్నామె ఒక అడుగు వెనక్కి వేసి చోటిచ్చింది.

బల్ల వెనక కుర్చీ ఖాళీగా ఉంది. పట్టణమంతా వరసలో ఉంది. ఆ కుర్చీలోకి వెళ్ళి కూర్చోవడానికి ఎవరూ వరస విడిచి కదల్లేదు.